ఐస్ క్లైంబింగ్‌కి బూట్లు, క్రాంపాన్లు: కొనేముందు, కొన్నాక, ఎక్కేముందు చేయాల్సిన పని మొత్తం

అనంతపురంలో ఏప్రిల్ ఎండలకి రోడ్డు మీద తారు కరుగుతాంటే నేను గచ్చు మీద బూట్లు, క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూటు కింద తగిలించుకునే మేకుల చట్రాలు) పరుచుకుని కూర్చుంటా, మా అమ్మ చూసి "వీనికి ఎండదెబ్బ తగిలింది" అంటాది. అనుకోనీలే. మన కర్నూలు, కడప, అనంతపురం పిల్లోళ్ళు మనాలికి, ఉత్తరకాశికి కోర్సులకి పోయొచ్చి, తర్వాత శీతాకాలంలో స్పితిలో, లద్దాఖ్‌లో గడ్డకట్టిన జలపాతాలు ఎక్కాలని చూస్తాండారు, వాళ్ళందరూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ క్రాంపాన్ కొనాల?"

ప్రశ్నే తిరగబడింది. ముందు కాలు, కాలిని బట్టి బూటు, బూటుని బట్టి క్రాంపాన్. ఈ వరస తప్పినోళ్ళు రెండుసార్లు కొన్నారు, అందులో నేనూ ఉండా. ఆఫర్‌లో వచ్చిందని క్రాంపాన్ ముందు కొన్నా, తర్వాత నా కాలికి సరిపోయిన బూటుకి అది పట్టలేదు, రెండేళ్ళు అటక మీదే ఉండిపోయింది.

ఇంకో మాట. మనకి స్నో అన్నా మంచే, ఐస్ అన్నా మంచే, పొద్దున పొలం మీద పడేదీ మంచే. ఈ పనిలో మాత్రం ఆ తేడా తెలియకుంటే నడవదు, అందుకే ఇక్కడ మెత్తగా కాలు దిగేదాన్ని స్నో అని, గాజు మాదిరి గట్టిగా ఉండేదాన్ని ఐస్ అని రాస్తాండా.

1. అసలు మీకు కావాలా, ముందు అది తేల్చుకోండి

చలికాలంలో కేదార్‌కంఠ (3,810 మీటర్లు) లాంటి ట్రెక్‌కి పోతాంటే మీకు క్రాంపాన్ అక్కర్లేదు. రబ్బరు పట్టీకి గొలుసు, చిన్న చిన్న మేకులు ఉండే మైక్రోస్పైక్స్ చాలు, మామూలు ట్రెక్కింగ్ షూకి తగిలించుకోవచ్చు. ఆ మైక్రోస్పైక్స్ వేసుకుని నిటారు ఐస్ ఎక్కుదాం అనుకునేవాళ్ళూ ఉండారు, వద్దు, ముందు వైపు పాయింట్లే (ఐస్‌లో గుచ్చుకునే మేకు కొనలు) ఉండవు దానికి, వాలు పెరిగితే రబ్బరు పక్కకి జారిపోతాది.

బేసిక్ కోర్సుకి పోతాంటే కూడా కొనొద్దు. ఉత్తరకాశిలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, డార్జిలింగ్‌లో హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి ఇన్‌స్టిట్యూట్, ఇవన్నీ టెక్నికల్ సామాను వాళ్ళే ఇస్తారు. నెల రోజులు వాళ్ళ బూట్లలో నడిస్తే మీ కాలు ఎక్కడ రుద్దుకుంటాదో, మడమ ఎక్కడ లేస్తాదో మీకే తెలుస్తాది. ఆ సంగతి రాసిపెట్టుకుని రండి, కొనేటప్పుడు ఏ రివ్యూ కన్నా అదే ఎక్కువ పనికొస్తాది.

సొంతంగా కొనాల్సింది ఎవరంటే, కోర్సు అయిపోయి ఏటా ఒకసారైనా ఐస్ మీదికి పోయేవాళ్ళు. మిగతావాళ్ళు అద్దెకి తీసుకోండి. మంచి బూట్లకే ఒక సెకండ్ హ్యాండ్ బండి డబ్బు పోతాది, ఊరికే కాదు.

2. బీ అంటే ఏంది, సీ అంటే ఏంది

బూట్లకి బీ0 నుంచి బీ3 దాకా, క్రాంపాన్లకి సీ1 నుంచి సీ3 దాకా ఒక లెక్క ఉంది. అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతాది.

- బీ0: మామూలు ట్రెక్కింగ్ షూ. క్రాంపాన్ వేయకూడదు.
- బీ1: కొంచెం గట్టి అడుగు, కొద్దిగా వంగుతాది. సీ1 మాత్రమే.
- బీ2: బాగా గట్టి, మడమ వెనక క్రాంపాన్ లివర్ (నొక్కి బిగించే మీట) కూర్చునే గాడి ఉంటాది. సీ1, సీ2.
- బీ3: అస్సలు వంగదు, ముందూ వెనకా రెండుచోట్లా గాడి. సీ1, సీ2, సీ3 మూడూ పడతాయి.

ఆ గాడినే వెల్ట్ అంటారు. బూటు అడుగు అంచులో రబ్బరు లోపలికి తొలిచినట్టు ఒక మెట్టు ఉంటాది చూడండి, అదే.

సీ1 అంటే ముందూ వెనకా ప్లాస్టిక్ బుట్ట, పట్టీలతో కట్టుకోవడం. సీ2 అంటే ముందు బుట్ట, వెనక లివర్. సీ3 అంటే ముందు ఉక్కు తీగ, వెనక లివర్. నిటారు ఐస్‌కి, ఐస్-రాయి కలిసిన మిక్స్‌డ్ క్లైంబింగ్‌కి బీ3 బూటు, సీ3 క్రాంపాన్. బీ2, సీ2 జోడీతో కొంచెం వాలు ఐస్, గ్లేసియర్ (హిమానీనదం) మీద నడక బాగానే అయిపోతాయి, కానీ నిలువు జలపాతం మీద పిక్కలు పట్టేస్తాయి.

మెత్తటి బూటుకి సీ3 ఎందుకు వేయకూడదు? ఇంట్లో ఒక చెప్పు తీసుకోండి. దాని కింద స్కేలు పెట్టి ముందు కొన, వెనక కొన ఎక్కడుండాయో చూడండి. ఇప్పుడు చెప్పు మధ్యలో వంచండి, రెండు కొనలూ దగ్గరికొచ్చినాయి కదా. క్రాంపాన్ నిలబడేదే ఆ రెండు కొనల మధ్య బిగింపు మీద. అడుగు వంగితే బిగింపు పోతాది, ముందు తీగ గాడిలో నుంచి జారి క్రాంపాన్ ఊడి వేలాడతాది. ఇంకో పక్క, క్రాంపాన్ మధ్యలో ఉండే పట్టా బూటుతో పాటు అడుగడుక్కీ వంగి వంగి ఒకరోజు టప్‌మని విరిగిపోతాది. కట్టుతీగని అటూ ఇటూ వంచి తుంచుతాం చూడండి, అట్లే.

3. ఇంట్లో కాలు కొలవండి

ఇది పది నిమిషాల పని, కానీ ఎవరూ చేయరు. "నాది 8 నంబరు" అంటారు. 8 నంబరు కంపెనీ కంపెనీకి మారతాది, మిల్లీమీటర్లు మారవు.

1. సాయంత్రం కొలవండి. పొద్దంతా తిరిగాక కాలు కొంచెం ఉబ్బి ఉంటాది, కొండ మీద కూడా ఉబ్బుతాది.
2. మీరు కొండ మీద వేసుకోబోయే సాక్స్ వేసుకోండి: లోపల ఒక సన్నటిది, పైన ఒక మందపాటి ఉన్ని సాక్స్. రెండు మందపాటివి వద్దు.
3. పేపరు పరిచి, మడమ గోడకి ఆనించి, బరువంతా ఆ కాలి మీదే వేసి నిలబడండి. ఇంకొకరు పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయాల. మీరే వంగి గీస్తే కాలు కదులుతాది, కొలత తప్పుతాది.
4. మడమ నుంచి పొడుగు వేలి దాకా మిల్లీమీటర్లలో, వేళ్ళ దగ్గర అడ్డంగా వెడల్పు, రెండూ రాసుకోండి.
5. రెండో కాలు కూడా. ఎక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి.

కొన్ని బూట్ల మీద 265, 270 అని ఉంటాది, అది కాలి పొడుగు మిల్లీమీటర్లలో.

మనవాళ్ళకి ఇంకో సంగతి ఉంది. చిన్నప్పటినుంచి చెప్పుల్లో, ఒట్టికాళ్ళతో తిరిగిన కాలు ముందు వెడల్పుగా ఉంటాది, మడమ సన్నగా. యూరప్ బూట్లు చాలా వరకు ముందు సన్నగా ఉంటాయి. అందుకని కొందరు ఒక సైజు పెద్దది తీసుకుంటారు, అప్పుడు వేళ్ళకి చోటు దొరుకుతాది గానీ మడమ లోపల తేలుతాది. పొడుగు పెంచొద్దు, వెడల్పు మోడల్ వెతకండి.

4. షాపులో చేయాల్సినవి, సిగ్గు పడకుండా

కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ హైవే 44 మీద సుమారు 200 కిలోమీటర్లు. ఆన్‌లైన్‌లో కొని రెండుసార్లు రిటర్న్ చేసే తలనొప్పి కన్నా ఒక ఆదివారం పోయి రావడం మేలు. సాక్స్ మీవే తీసుకుపోండి. పోయి, కనీసం అరగంట బూటులోనే ఉండండి.

లేసు కట్టకముందు. కాలు ముందుకి తోసి వేళ్ళు బూటు కొనకి తగిలించండి. మడమ వెనక ఒక వేలు పట్టాల. రెండు వేళ్ళు వదులుగా పడితే పెద్దది, వేలే దూరకపోతే చిన్నది. డబుల్ బూటు (బయట గట్టి షెల్, లోపల విడిగా తీసే లైనర్ ఉండేది) అయితే లోపలి లైనర్ తీసేసి ఉట్టి షెల్‌లో కాలు పెట్టి ఇదే చూడండి, అక్కడ ఒకటిన్నర వేలు ఉండొచ్చు.

లేసు కట్టాక. వేళ్ళు లోపల ఆడించండి, పియానో వాయించినట్టు ఆడాల. ఆడకపోతే రక్తం సరిగా తిరగదు, రక్తం తిరగని వేలు చలికి మొదట పోతాది. బిగుతు బూటు ఎంత ఖరీదుదైనా చల్లగానే ఉంటాది, ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు.

తన్ను పరీక్ష. గోడ అడుగున పదిహేను సార్లు తన్నండి, బూటు కొనతో, నిజంగా ఐస్‌ని తన్నినట్టే. వేళ్ళు ముందుకి కొట్టుకోకూడదు. ఇక్కడ ఒక్కసారి తగిలినా కొండ మీద ఒక్కరోజులో వెయ్యిసార్లు తగులుతాది, గోరు నల్లబడి ఊడిపోతాది.

మెట్టు పరీక్ష. మెట్టు అంచు మీద బూటు ముందు భాగం రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే ఆనించి నిలబడండి, గోడ పట్టుకోవచ్చు. కడప బండ పరిచిన మెట్టయితే అంచు పదునుగా ఉంటాది, ఇంకా బాగా తెలుస్తాది. బీ3 అయితే అడుగు వంగదు, చెక్క మీద నిలబడినట్టు ఉంటాది. వంగి జారిపోతాంటే అది నిటారు ఐస్‌కి పనికిరాదు. ఇదే నిలబడిన స్థితిలో మడమ లోపల ఎంత లేస్తాందో చూడండి. కొద్దిగా లేస్తే సరే, అరంగుళం లేస్తే బొబ్బలు ఖాయం.

దిగుడు. ర్యాంపు ఉంటే దిగండి, లేకుంటే మెట్లు. వేళ్ళు కొనకి కొట్టుకుంటే వద్దు.

షాపులో కుర్రాడు "వాడేకొద్దీ లూజ్ అయితాది సార్" అంటాడు. తోలు బూటు పక్కలకి కొంచెం సాగుతాది, నిజమే. పొడుగు మాత్రం సాగదు. సింథటిక్ బూటు దాదాపు ఏదీ సాగదు.

5. సింగిల్ బూటా, డబుల్ బూటా

రోజు ఎక్కి సాయంత్రానికి గదికో, టెంటుకో వచ్చే పనికి సింగిల్ బూటు చాలు. లా స్పోర్టివా నేపాల్ రకం, స్కార్పా మోంట్ బ్లాంక్ ప్రో, ఇట్లాంటివి. చీలమండ పైదాకా కప్పే గేటర్ (స్నో లోపలికి పోకుండా వేసే గుడ్డ తొడుగు) బూటుకే కుట్టి వచ్చేవి ఇంకో రకం, స్కార్పా ఫాంటమ్ టెక్ లాంటివి, తేలికగా ఉంటాయి, స్నో లోపలికి పోదు.

6,000 మీటర్ల పైకి, రాత్రుళ్ళు వరసగా కొండ మీదే పడుకునే పనికి డబుల్ బూటు కావాల. స్కార్పా ఫాంటమ్ 6000, లా స్పోర్టివా జీ2 లాంటివి. దీని అసలు ఉపయోగం వెచ్చదనం ఒక్కటే కాదు. కాలు రోజంతా చెమట పడతాది, ఆ తడి రాత్రికి గడ్డకడతాది. డబుల్ బూటులో లైనర్ తీసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని ఆరబెట్టుకోవచ్చు. సింగిల్ బూటు అంతా కలిపి బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాల, నేను పడుకున్నా, పక్కన మేకపిల్లని పెట్టుకున్నట్టే ఉంటాది.

మరి స్పితిలో జనవరికి? అక్కడ చాలా ఊర్లే 3,600 మీటర్ల పైన ఉంటాయి, రాత్రి మైనస్ 20 దాటుతాది. పగలు ఎక్కేది తక్కువే, బెలే చేస్తా, అంటే ఎక్కేవాళ్ళ తాడు పట్టుకుని, కదలకుండా నిలబడేదే ఎక్కువ, కాళ్ళు చల్లబడేది అప్పుడే. చలికి తట్టుకోలేనివాళ్ళు సింగిల్‌లో మందపాటిది, లేదంటే తేలికపాటి డబుల్ చూసుకోండి. మన ఎండల్లో పెరిగిన కాళ్ళు, మొహమాటం వద్దు.

అద్దె ప్లాస్టిక్ బూట్లు. కోఫ్లాక్ లాంటి పాత ప్లాస్టిక్ షెల్ బూట్లు ఇంకా చాలాచోట్ల అద్దెకిస్తారు. పనికొస్తాయి, కానీ ప్లాస్టిక్ ముసలిదయ్యేకొద్దీ పెళుసుబారతాది. తీసుకునేముందు:

- చీలమండ దగ్గర మడత పడే చోట, లేసు కొక్కేల చుట్టూ సన్నటి పగుళ్ళు ఉన్నాయా
- గోరుతో గీస్తే పొడి రాలుతాందా
- అడుగు ఎక్కడన్నా విడిపోతాందా, రెండు చేతులతో లాగి చూడండి
- వెల్ట్ అంచు అరిగి గుండ్రంగా అయ్యిందా (అయితే సీ3 తీగ నిలవదు)
- లైనర్ రెండూ ఒకే సైజువేనా, నవ్వొద్దు, కలిసిపోతాయి

ఒక్కటి తేడా ఉన్నా ఇంకో జత అడగండి.

6. ఇప్పుడు క్రాంపాన్: ముందు పాయింట్లు

బూటు చేతిలో పట్టుకునే క్రాంపాన్ షాపుకి పోవాల. ఫోటో కాదు, బూటే.

ముందు పాయింట్లు రెండు రకాలు. అడ్డంగా పడుకున్నట్టు ఉండేవి పార లాంటివి, స్నోలో, గట్టిపడిన స్నోలో వెడల్పుగా పట్టు దొరుకుతాది. నిలువుగా ఉండేవి ఉలి లాంటివి, గట్టి ఐస్‌లో పగలగొట్టకుండా దిగుతాయి. పారతో బండని కొడితే ఏమైతాదో, అడ్డ పాయింట్లతో నీలం రంగు గట్టి ఐస్‌ని తన్నితే అదే అయితాది, పలక పలకలుగా లేచి మొహం మీద పడతాది.

నిలువు వాటిలో మళ్ళీ రెండు పాయింట్లవి, ఒక్క పాయింటువి. ఒక్కటే ఉండేదాన్ని మోనో అంటారు. మోనో చిన్న రాతి సందులో దూరుతాది, ఐస్‌లో గొడ్డలి వేసిన గుంతలోనే కాలు పెట్టొచ్చు. కానీ కాలు అటూ ఇటూ ఊగుతాది, మెత్తటి స్నోలో దారం మాదిరి కోసుకుని కిందికి జారుతాది. మొదటి జతకి మోనో వద్దు అనేది నా మాట, ఎవరేమన్నా.

పేర్లు కావాలంటే:

- గ్లేసియర్, మామూలు ఆల్పైన్ (ఎత్తైన మంచు కొండలు ఎక్కడం): గ్రివెల్ జీ12, పెట్జెల్ వాసాక్, బ్లాక్ డైమండ్ సేబర్‌టూత్. అడ్డ పాయింట్లు.
- ఐస్, మిక్స్‌డ్, అన్నిటికీ కలిపి: పెట్జెల్ లింక్స్, గ్రివెల్ జీ14. నిలువు పాయింట్లు, బోల్టు తీసి మోనో కూడా చేసుకోవచ్చు, అరిగితే పాయింటు మాత్రమే మార్చుకోవచ్చు.
- ఉట్టి నిలువు ఐస్: పెట్జెల్ డార్ట్, గ్రివెల్ జీ20, బ్లాక్ డైమండ్ స్టింగర్.

లింక్స్‌కి ముందు తీగ, ముందు బుట్ట రెండూ వస్తాయి. ఇప్పుడు బీ2 బూటు ఉండి, వచ్చే ఏడు బీ3 కొందాం అనుకునేవాళ్ళకి అది బాగుంటాది.

లోహం. ఉక్కే తీసుకోండి. అల్యూమినియం చేతిలో పట్టుకుంటే ముద్దొస్తాది, సగం బరువే ఉంటాది, కానీ అది గ్లేసియర్ నడకకి, స్కీ పనికి. గట్టి ఐస్, రాయి తగిలితే మొద్దుబారి పోతాది. ఉక్కు జత సుమారు కేజీ అటూ ఇటూ. యూఐఏఏ (పర్వతారోహణ సంఘాల ప్రపంచ సమాఖ్య) గుర్తు, లేదంటే ఈఎన్ 893 అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉందా చూసుకోండి, పేరూ ఊరూ లేని చవకరకం మీద కాలు పెట్టొద్దు.

యాంటీబాట్. క్రాంపాన్ అడుగున ఉండే రబ్బరు లేక ప్లాస్టిక్ ప్లేటు. వాన పడినాక నల్లరేగడి చేలో నడిచినోళ్ళకి దీని గురించి నేను చెప్పేదేం లేదు, పది అడుగులకే చెప్పు కింద కేజీ మట్టి, పాదం గుండ్రంగా అయిపోయి జారతాం. తడి స్నో కూడా అంతే, పాయింట్ల మధ్య ఉండలా కట్టి పాయింట్లు నేలకే అందవు. ప్లేటు లేకుండా కొనొద్దు. ప్లేటు ఉన్నా అంటుకుంటే ఐస్ యాక్స్ కర్రతో బూటు పక్కన ఒక దెబ్బ.

7. ఫిట్టింగ్, ఇంట్లో, ఫ్యాన్ కింద కూర్చుని

అన్నిటికన్నా టైం పెట్టాల్సింది ఇక్కడ. గచ్చు మీద పాత గోనెసంచి వేసుకోండి, కడప బండ మీద గీత పడితే మళ్ళీ పోదు, మా ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర ఇప్పటికీ ఉంది, పండక్కి వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిస్తారు.

1. కుడి, ఎడమ. పట్టీ బకిల్ కాలికి బయటి పక్క రావాల. లోపలికొస్తే రెండో కాలి పాయింటు దానికి తగులుకుంటాది. కుడిదాని మీద ఒక చుక్క పెయింట్ పెట్టుకోండి.

2. పొడుగు. మధ్య పట్టాలో బెజ్జాలు ఉంటాయి. బూటు దాని మీద పెట్టి, వెనక నిలబడి ఉండే పోస్టులు (చిన్న కొమ్ములు) మడమకి ఆనుకునేట్టు బెజ్జం ఎంచుకోండి. సైజు 45 దాటితే చాలా మోడళ్ళకి పొడుగు పట్టా విడిగా కొనాల.

3. ముందు తీగ. తీగ గాడిలో మొత్తం వెడల్పునా కూర్చోవాల. ఇప్పటి బూట్ల ముందు భాగం సన్నగా ఉంటాది, వెడల్పు తీగ వేస్తే పక్కల్లో సందు మిగిలి బూటు అటూ ఇటూ ఆడతాది. సన్న తీగ విడిగా దొరుకుతాది. సుత్తితో కొట్టి వంచొద్దు.

4. పాయింట్లు ఎంత బయటికి. బూటు కొన దాటి ముందు పాయింట్లు సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు రావాల. తక్కువైతే బూటు రబ్బరే ఐస్‌కి తగులుతాది. ఎక్కువైతే పిక్క మీద బరువు. తీగకి రెండు మూడు బెజ్జాలు ఉంటే మార్చి చూడండి.

5. లివర్. మడమ గాడిలో లివర్ పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కితే టక్కుమని పడాల, మంచి తాళం పడినట్టు. వేలితో తోస్తేనే పడితే వదులు. రెండు చేతులతో మోకాలేసి నొక్కాల్సి వస్తే మరీ బిగుతు. లివర్ కింద చిన్న స్క్రూ ఉంటాది, దాంతో సరిచేయండి.

6. అసలు పరీక్ష. పట్టీ కట్టకుండా, బూటుని క్రాంపాన్ పట్టుకుని తలకిందులుగా ఎత్తి ఊపండి. కిందపడే భయంతో మెల్లగా కాదు, కోడిని దులిపినట్టు దులపండి. ఊడితే ఒకటో మెట్టు నుంచి మళ్ళీ. పట్టీ ఉండేది ఊడితే కిందికి పోకుండా పట్టుకోవడానికి, బిగింపుకి కాదు. సీ1కి ఈ పరీక్ష వర్తించదు, అక్కడ పట్టీలే బిగింపు.

7. పట్టీ తోక. బూటు, గేటర్, ప్యాంటు అన్నీ వేసుకుని పట్టీ కట్టి, ఒక జానెడు వదిలి మిగతాది కోసేయండి, కొనని నిప్పు చూపించి ముద్ద చేయండి. ఉట్టి బూటు మీద కొలిచి కోస్తే గేటర్ వేసినాక చాలదు, చేతి తొడుగులతో పట్టుకోవడానికి కూడా అందదు.

8. కాలు వేసుకుని మెట్టు పరీక్షలో చేసినట్టు ఒకసారి నిలబడి, మళ్ళీ విప్పి, తీగ గాడిలోనే ఉందా చూడండి. బరువు పడ్డాక ఒక్కోసారి జరుగుతాది.

8. చేతులు మొద్దుబారినప్పుడు వేసుకోవడం

ఫ్యాన్ కింద రెండు నిమిషాల్లో వేసుకుంటారు. అక్కడ పొద్దున నాలుగింటికి, చీకట్లో, తలకి లైటు, వేళ్ళు పనిచేయవు, వెనక నిలబడినోడు "త్వరగా రా సామీ" అంటాంటాడు.

బకెట్‌లో నీళ్ళు పోసి ఐస్ ముక్కలు వేసి, రెండు చేతులూ ఒక నిమిషం ముంచండి. తుడుచుకుని మందపాటి తొడుగులు వేసుకుని, లైట్లు ఆపి, క్రాంపాన్ వేసుకోండి. మొదటిసారి నాకు ఎనిమిది నిమిషాలు పట్టింది, పైగా కుడిది ఎడమకి వేసుకున్నా. రోజుకొకసారి వారం చేస్తే మూడు నిమిషాలకి వచ్చింది. వరస ఒకటే పెట్టుకోండి: క్రాంపాన్ నేల మీద పరచడం, అడుగున అంటిన స్నో దులపడం, ముందు కొన, తర్వాత మడమ, లివర్, పట్టీ, చివర్లో తోక దోపడం. గాడిలో స్నో ఉండగానే లివర్ వేస్తే బిగిసినట్టే అనిపిస్తాది, ఆ స్నో నలిగిపోయాక వదులైతాది. చాలా ఊడిపోవడాలు ఇట్లాంటివే, సామాను తప్పేం ఉండదు.

బూటు అలవాటుకి తెల్లవారుజామున గుత్తి కోట మెట్లో, పెనుకొండ కొండో ఎక్కండి, ఎండెక్కకముందే దిగేయండి. మొదటి రోజు అరగంట చాలు, గట్టి అడుగు మడమల్ని కొరుకుతాది. క్రాంపాన్లు మాత్రం అక్కడికి తీసుకుపోవద్దు, ఆ గుండ్ల మీద ఒక్క గంటలో పాయింట్లు మొద్దుబారతాయి, పైగా కోట రాళ్ళు గీకడం మనకేం పని. క్రాంపాన్ నడకకి, అంటే కాళ్ళు ఎడంగా పెట్టి, పాదం మొత్తం ఒకేసారి ఆనించే అలవాటుకి, వాన తర్వాత మెత్తబడిన మట్టి వాలు చాలు. రాళ్ళు లేనిది చూసుకోండి.

9. మళ్ళీ మళ్ళీ చూసే తప్పులు

ప్యాంటు చిరగడం, తట్టుకుని పడటం. వదులు ప్యాంటు, గేటర్ లేకపోవడం. రెండు పాదాల మధ్య ఒక జానెడు ఎడం ఉంచి నడవాల.

నిటారు ఐస్ మీద పాయింట్లు జారడం. పది మందిలో ఎనిమిది మందికి మడమ పైకి లేచి ఉంటాది. భయం వేస్తే మడమ దానంతటదే లేస్తాది. మడమ దించితే రెండో వరస పాయింట్లు కూడా ఐస్‌కి తగిలి కాలు నిలుస్తాది. మడమ దించినా జారితే అప్పుడు బూటు మెత్తనేమో, పాయింటు మొద్దేమో చూడండి.

కాళ్ళు చల్లబడటం. ఇంకో సాక్స్ వేయకండి. ముందు లేసు వదులు చేసి చూడండి, వేళ్ళ దగ్గర వదులు, చీలమండ దగ్గర బిగుతు. చాలాసార్లు పది నిమిషాల్లో వేడి వస్తాది. రాకుండా తిమ్మిరి పోయి అసలు స్పర్శే తెలియకపోతే ఎక్కడం ఆపి కిందికి దిగాల, రుద్దకూడదు.

మిక్స్‌డ్ మీద టకటక చప్పుడు, పాయింట్లు ఆడటం. బోల్టు వదులైంది. మార్చే పాయింట్లు ఉన్నవాటికి ప్రతి రాత్రీ బోల్టు చూసుకోండి, ఆ బోల్టుకి సరిపడే పానా బ్యాగ్‌లో ఉండాల.

10. పదును, అది కూడా చేత్తోనే

ఇది నా తప్పు కథ. మొదటి సీజన్ అయ్యాక పాయింట్లు మొద్దుబారినాయి, ఊర్లో ఒక వెల్డింగ్ షాపుకి తీసుకుపోయినా. "ఐదు నిమిషాల పనిలే అన్నా, కొడవలి లెక్క చేసిస్తా" అని గ్రైండింగ్ చక్రానికి పెట్టినాడు. నిప్పురవ్వలు భలే వచ్చినాయి, నేను ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నా. ఇంటికొచ్చి చూస్తే కొనలు నెమలిపింఛం రంగు, నీలం, ఊదా. బాగుందే అనుకున్నా. ఆ రంగు వచ్చిందంటే వేడికి ఉక్కు పదను పోయిందని అర్థం, మెత్తబడింది. తర్వాతి సీజన్ మొదటి రోజు, నాలుగో తన్నుకే కొన మూతి వంకర పోయింది. ఆ పిల్లోడి తప్పేం లేదు, కొడవలికి అదే చేస్తాడు, చెప్పాల్సింది నేను.

ఆకురాయి తీసుకోండి, చేత్తో, ఒకే దిక్కుకి, మెల్లగా. నిలువు పాయింటు అయితే సన్న అంచు వైపే రాయండి, పలక వైపు రాస్తే పలచబడి వంగుతాది. కింది పాయింట్లు కూడా అంచులే. బ్లేడు పదును అక్కర్లేదు, గోరు మీద పెడితే జారకుండా నిలిస్తే చాలు. కొన చాలా పొట్టిదైతే, లేదా ఫ్రేములో ఎక్కడైనా పగులు కనిపిస్తే, అది ఇక రాయడానికి కాదు, మార్చడానికే.

11. బ్యాగ్ సర్దేటప్పుడు

- బూట్లు, లైనర్లు, రెండు జతల సాక్స్ (ఒకటి పడుకునేదానికి మాత్రమే)
- క్రాంపాన్లు గట్టి సంచిలో, పాయింట్లు ఒకదానికొకటి ఎదురుగా
- ఒక స్పేర్ బోల్టు, చిన్న స్క్రూడ్రైవర్, మూరెడు కట్టుతీగ, రెండు పొడుగు ప్లాస్టిక్ టైలు
- చిన్న ఆకురాయి
- విమానంలో పోతే క్రాంపాన్లు చెక్-ఇన్ బ్యాగ్‌లోనే, చేతిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర ఆగిపోతాయి
- బూట్లు మాత్రం వీలైతే చేతి బ్యాగ్‌లో, లేదా కాళ్ళకే. క్రాంపాన్ పోతే అద్దెకి దొరుకుతాది, కాలికి సరిపడే బూటు దొరకదు

12. ఇంటికొచ్చాక

లైనర్లు, ఇన్‌సోల్ బయటికి తీసి నీడలో ఆరబెట్టండి, మన ఎండలో కాదు. క్రాంపాన్ మంచినీళ్ళతో కడిగి తుడిచి, ఉక్కు మీద పలచగా నూనె చెయ్యి తిప్పండి, మిషన్ నూనె చాలు.

తర్వాత ఎక్కడ పెడతారనేది ముఖ్యం. బూటు అడుగులో ఉండే పాలీయురిథేన్ అనే నురగ వేడికీ తేమకీ ఏళ్ళ తరబడి ఉంటే లోలోపలే పొడి అయిపోతాది, పైకి కొత్తదానిలాగే కనిపిస్తాది. రేకుల షెడ్డులో, కారు డిక్కీలో, పాలిథిన్ కవర్లో చుట్టి అటక మీద పెట్టొద్దు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, గుడ్డ సంచిలో, లోపల పాత పేపర్లు కుక్కి, లేసులు వదులు చేసి పెట్టండి. మూడు నెలలకోసారి తీసి వేసుకుని ఇంట్లోనే ఒక గంట తిరగండి, అడుగు ఊడేదుంటే అక్కడే ఊడతాది. తర్వాతి ట్రిప్పుకి నెల ముందు మెట్టు పరీక్ష, తలకిందుల పరీక్ష రెండూ మళ్ళీ ఒకసారి చేయండి, కొత్త సాక్స్ కొన్నా, ఇన్‌సోల్ మార్చినా కూడా.